జాబితాలో లేని స్క్రూడ్రైవర్

మా మండలి గురించి ఊళ్లో అనుకుంటున్న మాటల్లో సగం అబద్ధాలు. మిగతా సగం మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం రాసింది నేనే కనుక, జరిగింది జరిగినట్టు చెప్పడానికి నాకంటే తగినవాడు ఈ జిల్లాలో లేడు.

మా సంస్థ పూర్తి పేరు గృహ కంప్యూటర్ల స్వయం మరమ్మతు ప్రోత్సాహక మండలి. ఏలూరు పవర్‌పేటలో ఒక పెళ్లిళ్ల హాలు పై అంతస్తులో ఉంటుంది. ముహూర్తాల రోజుల్లో కింద బ్యాండు మోగుతుంటే పైన మేము చేతి సైగలతో తీర్మానాలు చేస్తుంటాం.

ఈ మండలి ఎలా పుట్టిందంటే, పై అధికారి ఒకరి ఇంట్లో కంప్యూటర్ చెడిపోయింది. షాపువాడు దాన్ని ఇరవై రోజులు ఉంచుకున్నాడు. ఆ ఇరవై రోజులూ అధికారిగారికి ఆలోచించడానికి తీరిక దొరికింది. ఇరవై ఒకటో రోజున ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతి గృహస్థుడూ తన కంప్యూటర్‌ను తానే విప్పి, తానే బాగుచేసుకుని, తానే బిగించుకోవాలి. అందుకు కావలసిన చేతి పనిముట్లను మేము ఎంపిక చేసి, ఒక పెట్టెలో పెట్టి ఇంటింటికీ ఇవ్వాలి. పెట్టెలో ఏముండాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. దానికి నేను కార్యదర్శిని. నా పేరు శేషఫణి. ఇరవై ఏడేళ్ల సర్వీసులో నోట్ పెట్టకుండా నేను కుర్చీ కూడా జరపలేదు.

కమిటీ అధ్యక్షులు దక్షిణామూర్తి గారు. ఆయన ఏ శాఖలో రిటైరయ్యారో ఎవరికీ గుర్తులేదు గానీ, అధ్యక్షులుగా మాత్రం ఆయన కూర్చోని కమిటీ లేదు. సాంకేతిక సభ్యులు గోవర్ధనరావు గారు. జీవితమంతా కాలువ గేట్ల మీద పనిచేసిన ఇంజనీరు. రెండడుగులకు తక్కువున్న పనిముట్టును ఆయన పనిముట్టుగా గుర్తించరు.

మొదటి సమావేశంలోనే అధ్యక్షులవారు సమస్యను వేళ్ల మీద లెక్కపెట్టి విడదీశారు.

"కంప్యూటర్ లోపల ఏ స్క్రూలున్నాయో తెలిస్తే గాని ఏ స్క్రూడ్రైవర్ కావాలో తెలియదు. అంతేనా?"

"అంతే" అన్నారు గోవర్ధనరావు గారు.

"తెలియాలంటే విప్పాలి. విప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. కానీ ఉత్తర్వులో మూడో పేరా చూడండి. మండలి ఆమోదించని పనిముట్టుతో ఏ కంప్యూటర్‌నూ విప్పరాదు. మండలి ఇంతవరకు ఏ పనిముట్టునూ ఆమోదించలేదు."

కింద అప్పగింతల పాట వస్తోంది.

"కావున విప్పకుండానే ఎంపిక చేయాలి" అన్నారు దక్షిణామూర్తి గారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "ఇది మన విజ్ఞతకు పరీక్ష."

నేను ఆ వాక్యాన్ని మినిట్స్‌లో రాసి కింద గీత గీశాను. ఇప్పటికీ అది గొప్ప వాక్యమనే నా అభిప్రాయం.

రెండు వారాల్లో రెండువందల పద్దెనిమిది ఇళ్లవాళ్లు పథకానికి పేర్లు ఇచ్చారు. అప్పుడు గోవర్ధనరావు గారికి ఒక అనుమానం వచ్చింది. పెట్టె అందేలోపు ఈ జనం ఆగలేక, ఇంట్లో ఉన్న ఏదో ఒక వస్తువుతో కంప్యూటర్ విప్పేస్తే? అప్పుడు బాగుపడింది మన పనిముట్ల వల్లో, వాళ్ల పనిముట్ల వల్లో ఎలా తెలుస్తుంది?

"తదుపరి ఉత్తర్వులు వెలువడేంతవరకు యథాతథ స్థితి కొనసాగాలి" అన్నారు అధ్యక్షులు. "నమోదైన ప్రతి కంప్యూటర్ స్క్రూల మీదా లక్క సీలు వేయించండి."

ఈ నిర్ణయానికి అందరికంటే సంతోషించింది మా అటెండరు నాంచారయ్య. "బ్యాలట్ పెట్టెలకి లక్కేసిన చెయ్యండి ఇది. ఆయ్, ఎన్నాళ్లైపోయిందో" అని మర్నాడే స్టవ్వూ, లక్క కడ్డీలూ, ఇత్తడి ముద్రా సంచిలో వేసుకుని వచ్చాడు. ముందు ఉద్యోగులే ఆదర్శంగా నిలవాలని అధ్యక్షులు నా వైపు చూశారు. నేను మొదటి రోజునే మా ఇంటి దరఖాస్తు నింపి ఇచ్చి ఉన్నాను. నమోదు సంఖ్య ఒకటి మాదే.

ఆ కంప్యూటర్ నిజానికి మా ఆవిడది. ఆ సంగతి నాకు దరఖాస్తు నింపేటప్పుడు తట్టలేదు.

మా ఆవిడ చూడామణి మూడేళ్లుగా ఇంట్లోనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తోంది. కంప్యూటర్లో డిజైను తయారుచేసి, పెన్ డ్రైవ్‌లో ఎక్కించి, వెనక గదిలో ఉన్న ఎంబ్రాయిడరీ మిషనుకు పెడితే, అది జాకెట్టు గుడ్డ మీద నెమళ్లూ మామిడి పిందెలూ కుట్టేస్తుంది. ఆ గుడ్డను తర్వాత హాల్లో ఉన్న మామూలు కుట్టు మిషను మీద జాకెట్టుగా కుడుతుంది. సీలు వేసిన రోజుకు ఆషాఢం మధ్యలో ఉన్నాం. శ్రావణంలో వకుళమ్మ గారి అమ్మాయి కోమలి పెళ్లి. పెళ్లికూతురికీ, మేనత్తలకూ, పిన్నులకూ కలిపి తొమ్మిది జాకెట్లు చూడామణి ఒప్పుకుని ఉంది.

నాంచారయ్య సీపీయూ డబ్బా వెనక కూర్చుని, ఒక్కొక్క స్క్రూ మీదా వేడి లక్క నిండుగా పోసి, ముద్ర గుద్దాడు. స్క్రూ తలలో నక్షత్రం ఆకారంలో ఉండే గంటు పూర్తిగా పూడిపోయింది. ఎర్రగా, గుండ్రంగా, పెళ్లికూతురి బొట్టులా కుదిరిందని అతను మురిసిపోయాడు.

"ఏవండీ, నేను నెలకోసారి దాన్ని విప్పి దుమ్ము దులుపుతాను కదా. ఇప్పుడెలా?" అంది చూడామణి.

"దేనితో విప్పుతావు?" అన్నాను.

"కుట్టు మిషను సొరుగులో ఉంటుంది చూడండి, చిన్న స్క్రూడ్రైవరు. దాంతోనే."

కుట్టు మిషను సంగతి నా శాఖ కాదు. "తదుపరి ఉత్తర్వుల దాకా ఓపిక పట్టు" అని ఆఫీసుకు వెళ్లిపోయాను.

పది రోజులు గడిచేసరికి కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టింది. ఎంబ్రాయిడరీ చేసే ఇంట్లో గాలి నిండా దారపు నూగు ఉంటుంది. అదంతా లోపలి ఫ్యానుకు చుట్టుకుంటే ఫ్యాను తిరగదు, డబ్బా వేడెక్కుతుంది, దానంతటదే ఆరిపోతుంది. మొదట గంటకోసారి ఆరింది. తర్వాత పావుగంటకోసారి. చివరికి చూడామణి ఒక నెమలి తోక పూర్తి చేసేలోపే ఆరిపోతోంది. తొమ్మిది జాకెట్లలో ఒక్క డిజైనూ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కలేదు.

ఒక మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి వకుళమ్మ గారు మా హాల్లో కూర్చుని ఉన్నారు.

"నీ మాట మీద ఇంకెక్కడా ఇవ్వలేదు చూడామణమ్మా. పెళ్లి పదకొండు రోజుల్లోకి వచ్చేసింది. కుదరకపోతే ఇప్పుడే చెప్పెయ్యి తల్లీ, నేనేమీ అనుకోను" అంటున్నారు. అలా అన్నప్పుడు ఎంత అనుకుంటారో అందరికీ తెలుసు.

"కుదరకపోవడమేంటండీ. పెళ్లికి ముందు శనివారం సాయంత్రానికి తొమ్మిదీ మీ చేతిలో పెడతాను" అంది చూడామణి.

వకుళమ్మ గారు వెళ్లాక నా కంచంలో అన్నం పెడుతూ, "ఆ లక్క కాస్త గీకెయ్యకూడదండీ? ఎవరు చూడొచ్చారు?" అంది.

"సీలు వేయించింది నేనే. నేనే తీస్తే ఏమంటారు?"

"ఏమంటే ఏంటి? మూడేళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరండీ నాది. ఒక్క పెళ్లిలో మాట పోయిందంటే మళ్లీ ఎవరు వస్తారు మన గుమ్మంలోకి?"

నాకు జాలేసింది. నిజంగానే వేసింది. అందుకే ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్లి, నమోదు సంఖ్య ఒకటి విషయమై అత్యవసరంగా పనిముట్ల ఎంపిక పూర్తి చేయవలసిందిగా నాలుగు పేజీల నోట్ పెట్టాను. నాలో ఉన్న జాలినంతా ఆ నోట్‌లోనే పెట్టాను. ఆ వారం మా ఇంట్లో పప్పుకు పోపు ఆగిపోయింది.

నోట్ పనిచేసింది. క్షేత్రస్థాయి పరీక్ష జరపాలని కమిటీ తీర్మానించింది. నన్ను నమూనాలు తెమ్మన్నారు. బజార్లో ఇనుప సామాన్ల కొట్టుకెళ్లి స్టారు, మైనసు, పొడుగు, పొట్టి కలిపి నలభై ఆరు రకాల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్లు, చిమటాలు తీయించాను. కొట్టాయన "కంప్యూటర్‌కేగా? ఈ స్టార్ ఒక్కటి చాలండీ, మా ఇంట్లో నేను దాంతోనే విప్పుతాను" అన్నాడు. ఆయన కమిటీ సభ్యుడు కాదు కనుక ఆ అభిప్రాయాన్ని నమోదు చేయలేదు.

పరీక్షకు కంప్యూటర్ కావాలి. నమోదు కాని కంప్యూటర్ మా పరిధిలోకి రాదు. నమోదైన వాటన్నిటికీ లక్క ఉంది. కాబట్టి పరీక్ష లక్క మీదే జరిగింది. మా ఇంట్లో, నమోదు సంఖ్య ఒకటి మీద.

గోవర్ధనరావు గారు చొక్కా చేతులు మడిచి ఒకటో నంబరు స్క్రూడ్రైవర్‌ను ఎర్రటి లక్క మీద ఆనించి తిప్పారు. జారిపోయింది. రెండోది జారింది. మూడోది జారింది. నేను పక్కన నిలబడి పట్టికలో "జారినది" అని నలభై ఆరు సార్లు రాశాను. చిమటాతో పట్టి లాగారు, రాలేదు. కటింగ్ ప్లేయర్ నోటికి లక్క అందలేదు.

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నారు గోవర్ధనరావు గారు చెమట తుడుచుకుంటూ. "స్క్రూడ్రైవర్ అనేది ఈ పనికి పనికిరాని వస్తువు."

ఆయన తన సంచిలోంచి సుత్తీ, ఉలీ తీశారు. లక్క మీద ఉలి పెట్టి సుత్తితో ఒక్కటి కొట్టారు. లక్క పెచ్చులుగా రాలిపోయింది. ఒక మూల కాస్త మిగిలితే కొవ్వొత్తి వెలిగించి చూపారు. అదీ కరిగిపోయింది. స్క్రూ తల మెరుస్తూ బయటపడింది. దక్షిణామూర్తి గారు చప్పట్లు కొట్టారు.

చూడామణి వంటింటి గుమ్మంలోంచి ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. "అయ్యా, లక్క పోయింది కదండీ! ఇప్పుడు ఆ స్టార్ పెట్టి తిప్పండి, వచ్చేస్తుంది!"

"అమ్మా," అన్నారు అధ్యక్షులవారు ఎంతో మర్యాదగా, "స్టార్ ఇప్పుడే తిరస్కరించబడింది."

"లక్క లేకుండా ఒక్కసారి చూడండయ్యా, మీకు పుణ్యముంటుంది."

"పరీక్ష పూర్తయింది తల్లీ. మళ్లీ చేస్తే ఫలితం మారిపోయే ప్రమాదం ఉంది. నాంచారయ్యా, సీలు."

నాంచారయ్య మళ్లీ లక్క పోశాడు. పోస్తున్నప్పుడు మా ఆవిడ మొహం చూసి, "నాదేం లేదమ్మా, ఆయ్" అని గొణిగాడు. ఆ సాయంత్రమే జాబితా ఖరారైంది. గృహ కంప్యూటర్ మరమ్మతుకు ఆమోదించిన చేతి పనిముట్లు మూడు: సుత్తి, ఉలి, కొవ్వొత్తి. పెట్టె మీద మండలి చిహ్నం.

చూడామణి నాతో మాట్లాడటం మానేసింది. కోపమొస్తే అరిచే మనిషి అరవకపోతే ఇల్లు ఎంత పెద్దదిగా అనిపిస్తుందో అప్పుడు తెలిసింది.

తొలి పెట్టె ప్రదానం, తొలి స్వయం మరమ్మతు ప్రదర్శన మంగళవారం పెట్టారు. ఎక్కడో వేరే చెప్పక్కర్లేదు. ముఖ్య అతిథి ప్రాంతీయ సంచాలకులు. మా హాల్లో షామియానా బట్ట కట్టారు. రెండు ఫోటో కెమెరాలు, ఒక దండ, టీలు వచ్చాయి. పెళ్లి ఆదివారం. అంటే శనివారం సాయంత్రానికి నాలుగు రోజులే ఉన్నాయి.

గోవర్ధనరావు గారు పెట్టె తెరిచి సుత్తీ ఉలీ చూడామణి చేతికిచ్చారు. "నిర్భయంగా కొట్టండమ్మా. లోపల ఏమైనా తగిలినా కంగారు పడకండి, మరమ్మతు అంటే అదే."

ఆవిడ ఉలి తీసుకుంది, సుత్తి పక్కన పెట్టింది. ఉలి అంచుతో లక్కను మెల్లగా గీకింది. మిగిలిన లక్కకు కొవ్వొత్తి సెగ చూపి గుడ్డతో తుడిచింది. అందరూ హర్షించారు. అంతవరకు అంతా జాబితా ప్రకారమే జరిగింది.

తర్వాత ఆవిడ లేచి, హాలు మూలనున్న కుట్టు మిషను సొరుగు లాగి, వేలెడంత స్క్రూడ్రైవర్ ఒకటీ, నూనె మరకలున్న చిన్న బ్రష్ ఒకటీ తీసింది. రెండు స్క్రూలు తిప్పింది. పక్క రేకు జరిపి బయటికి తీసింది. లోపల ఫ్యాను చుట్టూ ఎరుపూ పసుపూ నెమలికంఠం రంగూ కలిసి రెండు గుప్పెళ్ల నూగు ఉంది. దాన్ని వేళ్లతో లాగేసి, బ్రష్‌తో దులిపి, ఫ్యాను రెక్కను వేలితో ఒకసారి తిప్పి చూసి, రేకు మూసి స్క్రూలు బిగించింది. బటన్ నొక్కితే కంప్యూటర్ చడీచప్పుడూ లేకుండా లేచింది. సంచాలకుల వారి చేతిలో టీ ఇంకా పొగలు కక్కుతోంది.

నాకు ఛాతీ ఉప్పొంగింది. మా ఆవిడ అంత పనిమంతురాలని నాకు మూడేళ్లుగా తెలియదని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సంచాలకులు చప్పట్లు కొట్టి, సగంలో ఆపారు. "ఆ చేతిలో ఉన్నది జాబితాలో ఎన్నో పనిముట్టు?"

దక్షిణామూర్తి గారు జాబితా మరోసారి చూసి, "జాబితాలో లేదండీ" అన్నారు.

"మరి ఎక్కడిదమ్మా ఇది?"

"మిషనుతో పాటు వచ్చిందండి" అంది చూడామణి. "మిషను కొన్న ప్రతివాళ్లకీ ఇస్తారు, సూదులూ బాబిన్లూ మార్చుకోడానికి."

"ప్రతివాళ్లకీనా?" సంచాలకులు టీ కప్పు కింద పెట్టారు. "అంటే ఈ జిల్లాలో ఉన్న ప్రతి కుట్టు మిషను సొరుగులోనూ ఆమోదం లేని కంప్యూటర్ మరమ్మతు పరికరం ఒకటి దాగి ఉందన్నమాట. మీకు తెలుసా దక్షిణామూర్తి గారూ?"

"ఇప్పుడే మా దృష్టికి వచ్చిందండీ. తక్షణం చర్య తీసుకుంటాం."

"సొరుగు సీలు చేస్తే సరిపోదు. సొరుగు మిషనులో అంతర్భాగం కదా" అన్నారు గోవర్ధనరావు గారు.

నాంచారయ్య లక్క ఇంకా వేడిగానే ఉంది. కుట్టు మిషన్ల వరుసలో కూడా నమోదు సంఖ్య ఒకటి మాకే దక్కింది. చక్రానికీ, సూది పెట్టే చోటుకీ, సొరుగుకూ ఎర్రటి ముద్రలు పడ్డాయి. చూడామణి అటు చూడలేదు. అందరూ ఫోటోలు దిగుతుంటే ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని తొమ్మిది డిజైన్లూ చకచకా పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. వెనక గదిలోని మిషను మీదికి కమిటీ ఇంకా పోలేదు. గురువారం సాయంత్రానికి నెమళ్లన్నీ తయారయ్యాయి. నెమళ్లున్న గుడ్డలు తొమ్మిది ఉన్నాయి, వాటిని జాకెట్లు చేసే మిషను మాత్రం లేదు.

శుక్రవారం నేను సెలవు చీటీ పెట్టాను. కారణం గడిలో ఏమీ రాయలేదు. ఇరవై ఏడేళ్లలో ఆ గడి ఖాళీగా వదలడం అదే మొదలు.

"నాకు కుట్టడం నేర్పు" అన్నాను.

చూడామణి నన్ను పైనుంచి కిందికి చూసింది. నాలుగు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట, "ముందు చేతులు కడుక్కోండి."

సంగతి తెలిసి మా వీధి చివరి టైలరు మస్తాన్ గారు వచ్చారు. ఆయన మిషను బుధవారమే సీలైంది. పక్క సందులోని ఇద్దరు అక్కచెల్లెళ్లు పద్మాక్షి, జలజాక్షి కూడా వచ్చారు. వాళ్ల మిషన్లదీ అదే గతి. "ఖాళీగా కూచుని ఏం చేస్తామండీ" అంటూ అందరూ మా హాల్లో చాప మీద కూర్చున్నారు. చూడామణి కొలతలు చూసి కత్తిరించి ఇస్తుంటే వాళ్లు చేత్తో కుట్టుకుంటూ పోయారు. నాకు హుక్కుల పని ఇచ్చారు. మొదటి హుక్కు నా చొక్కాకు కలిపి కుట్టేశాను. మస్తాన్ గారు కత్తెరతో విడదీసి, "పర్లేదు సారూ, మా నాన్న కూడా అట్లనే మొదలెట్టాడంట" అన్నారు. అది నిజమో కాదో అడగలేదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆరు జాకెట్లు పూర్తయి మంచం మీద వరుసగా ఉన్నాయి. ఏడోది హుక్కుల కోసం నా చేతిలో ఉంది. ఎనిమిదోది పద్మాక్షి ఒళ్లో ఉంది. తొమ్మిదోది పెళ్లికూతురిది, చూడామణి చేతిలో ఉంది. వకుళమ్మ గారు ఆరింటికి వస్తారు. అప్పుడు నా ఫోను మోగింది. దక్షిణామూర్తి గారు. ఇరవై ఏడేళ్ల అలవాటు కొద్దీ లేచి నిలబడి మాట్లాడాను.

"శేషఫణి గారూ, మిషన్లు సీలు చేసినా ఊళ్లో కొత్త జాకెట్లు కనబడుతున్నాయని సంచాలకుల వారికి ఫిర్యాదు వెళ్లింది. అంటే ఇళ్లల్లో మన దృష్టికి రాని చేతి పనిముట్టు ఇంకేదో ఉందన్నమాట. సోమవారం కమిటీ కూర్చుంటోంది. నమోదు సంఖ్య ఒకటి మీది కనుక మిమ్మల్నే అడుగుతున్నాను. మీ ఇంట్లో అలాంటిది ఏదైనా ఉందా? ఉంటే నోట్ పెట్టండి."

ఫోను స్పీకరులో ఉంది. చాప మీద నలుగురి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి. నా కుడిచేతిలో సూది ఉంది, దానికి ఎర్రదారం, ఆ దారానికి కోమలి మేనత్త జాకెట్టు వేలాడుతోంది.

"లేదండీ" అన్నాను. "మా ఇంట్లో అలాంటిదేమీ లేదండీ."

"బాగా చూశారా?"

"చూశానండీ. ఏమీ లేదు."

ఫోను పెట్టేశాను. సర్వీసులో నేను పై అధికారికి చెప్పిన మొదటి అబద్ధం అది. చెప్పేసి మళ్లీ చాప మీద కూర్చున్నాను. చూడామణి నా చేతిలోంచి సూది తీసుకుని, అయిపోవచ్చిన దారం తెంపి, కొత్త దారం ఎక్కించి మళ్లీ నా చేతిలో పెట్టింది.

"ఇంకా నాలుగు హుక్కులున్నాయి, కానివ్వండి" అంది.